ఏడు రోజుల్లో అయిదు నగరాలు: ఒక పుట్టినరోజు సందేశానికి జవాబు

భార్య యాభయ్యో పుట్టినరోజునో అరవయ్యో పుట్టినరోజునో ఐరోపాలో జరపదలచిన భర్తల కోసమంటూ ఒక వాట్సాప్ సందేశం కొంతకాలంగా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోని ఉపాధ్యాయుల బృందాల్లోనూ, బ్యాంకు ఉద్యోగుల బృందాల్లోనూ, అపార్టుమెంటు సంఘాల్లోనూ తిరుగుతున్నది. అందులోని సలహాలు క్లుప్తంగా ఇవి. ఆవిడకు ముందుగా ఏమీ చెప్పవద్దు, విమానాశ్రయానికి చేరాకే తెలియాలి. ఒక్క వీసాతో ఐరోపా అంతా తిరగవచ్చు కనుక ఏడు రోజుల్లో అయిదు నగరాలు చూపించాలి. వీసా తేలికగా ఇచ్చే దేశానికి దరఖాస్తు పెట్టి, వెళ్లదలచిన దేశానికి వెళ్లాలి. ఇటువంటి సందర్భానికి పారిస్‌ను మించిన ఊరు లేదు. నెల ఏదైనా ఫరవాలేదు, డిసెంబరైతే మంచు కూడా కలిసివస్తుంది. ప్యాకేజీయే ఎప్పుడూ చవక.

సందేశం రాసినవారి ఉద్దేశాన్ని నేను తప్పుపట్టడం లేదు. మనవైపు షష్టిపూర్తి అంటే భర్తకు అరవై నిండినప్పుడు జరిగే వేడుకే. భార్యకు యాభై నిండినా అరవై నిండినా ఆచారంలో దానికంటూ ఒక తంతు లేదు. ఆ లోటు తీర్చాలన్న కోరిక మెచ్చదగినదే. అయితే ఈ సలహాల్లో ఐరోపా పటం గురించిన ఆలోచన ఉన్నది గాని, పుట్టినరోజు ఎవరిదో ఆ మనిషి గురించిన ఆలోచన ఒక్కచోట కూడా లేదు. వాటిలో కొన్ని నిబంధనలకే విరుద్ధం.

మొదట రహస్యం సంగతి చూద్దాం. ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా దరఖాస్తుపై సంతకం దరఖాస్తుదారే చేయాలి. మొదటిసారి వెళ్లేవారు వీసా కేంద్రానికి స్వయంగా వెళ్లి పది వేళ్ల ముద్రలూ, ఫొటో ఇవ్వాలి. ఒకసారి ఇచ్చిన ముద్రలు 59 నెలల వరకు పనికివస్తాయి కాబట్టి ఇంతకుముందు వెళ్లివచ్చినవారికి మాత్రమే ఈ శ్రమ తప్పవచ్చు. మనవాళ్లు మామూలుగా వెళ్లేది హైదరాబాదులోని కేంద్రానికే. అంటే ఆవిడను విజయనగరంలోనో ఆమదాలవలసలోనో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి, తెల్లవారాక సికింద్రాబాదులో దించి, అపాయింట్‌మెంటు వేళకు కేంద్రంలో కూర్చోబెట్టి, వేళ్లు యంత్రం మీద పెట్టించి, ఇదంతా ఎవరి పెళ్లి కోసమని చెబుతారో సందేశం రాసినవారే సెలవివ్వాలి. ఆవిడ ఉద్యోగస్థురాలైతే సెలవు మంజూరైనట్టు పత్రం కావాలి. ప్రభుత్వ ఉపాధ్యాయిని అయితే విదేశానికి వెళ్లడానికి శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, ఆ దస్త్రం ఆవిడ సంతకం లేకుండా బల్ల మీద నుంచి కదలదు. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలలలోపు, కనీసం 15 రోజుల ముందు దాఖలు చేయాలి; నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్ని సందర్భాల్లో 45 రోజుల దాకా పట్టవచ్చు. ఇంతకాలం దాచగల రహస్యం కాదిది. దాచదలచుకుంటే ఊరి పేరు కాదు, ఆ ఊళ్లో ఒక సాయంత్రం ఏమి జరగబోతున్నదో దాచవచ్చు: ఒక కచేరీ టిక్కెట్టు, ఒక పడవ షికారు, ముందుగా చెప్పి ఉంచిన ఒక భోజనం.

తేదీ గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. సరిగ్గా పుట్టినరోజునాడే అక్కడ ఉండాలని సందేశం పట్టుబడుతున్నది. మన తరంలో చాలామంది ఆడవాళ్లకు పుట్టిన తేదీ ఒకటి, బడిలో రాయించిన తేదీ ఇంకొకటి, ఇంట్లో పాయసం వండే తిథి మరొకటి. పాస్‌పోర్టులో ఉండేది బడి తేదీయే. వీటిలో ఏది అసలు పుట్టినరోజో ఆవిడే నిర్ణయించాలి. పుట్టినరోజు దసరా దగ్గర్లో పడే విజయనగరం ఆడపడుచు, దసరా వెళ్లిన మంగళవారం జరిగే పైడితల్లి సిరిమానోత్సవాన్ని వదులుకుని విమానం ఎక్కడానికి ఇష్టపడుతుందని అనుకోవడం కష్టం. రెండు వారాలు ముందుకో వెనక్కో జరిపితే టిక్కెట్టు ధర తగ్గే అవకాశమూ ఉన్నది, ఇంట్లో జరగవలసినది ఇంట్లో జరుగుతుంది.

ఒక్క వీసాతో ఐరోపా అంతా అన్న మాట సగమే నిజం. షెంగెన్ ప్రాంతంలో ఇప్పుడు 29 దేశాలు ఉన్నాయి. రుమేనియా, బల్గేరియాలు 2025 జనవరి 1న పూర్తిగా చేరాయి. లండన్ గాని డబ్లిన్ గాని ఇందులో లేవు, వాటికి వేరే వీసాలు కావాలి. పైగా మీకు ఇచ్చినది ఒకసారి మాత్రమే ప్రవేశించే వీసా అయితే, మధ్యలో లండన్ వెళ్లి తిరిగి పారిస్ రావడం కుదరదు. సందేశంలోని అయిదు నగరాల్లో మొదటిది లండనే కావడం గమనించదగినది.

తేలికగా ఇచ్చే దేశానికి దరఖాస్తు పెట్టమనడం వీటన్నిటిలోనూ ప్రమాదకరమైన సలహా. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో, లేదా ప్రయాణపు ముఖ్య ఉద్దేశం ఏ దేశంలో ఉన్నదో, ఆ దేశానికే దరఖాస్తు చేయాలన్నది నియమం. అన్నిచోట్లా సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. హోటల్ బుకింగులు ఒక దేశంలో చూపి, వీసా చేతికి రాగానే వాటిని రద్దు చేసి వేరే దేశానికి వెళితే, సరిహద్దు అధికారి అడిగే మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు. తప్పుడు వివరాలతో పొందిన వీసాను రద్దు చేసే అధికారం వారికి ఉన్నది. ఆ రికార్డు తరువాతి దరఖాస్తుల్లోనూ వెంటాడుతుంది. ఒక్కొక్కరికి 90 యూరోల రుసుము, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇంత శ్రద్ధగా కూర్చి, చివరికి అబద్ధం మీద నిలబెట్టడం దేనికి?

ఇక ఏడు రోజుల్లో అయిదు నగరాలు. విశాఖ నుంచి ఐరోపాకు నేరుగా విమానం లేదు. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు, ఆమ్‌స్టర్‌డామ్‌కు, లండన్‌కు నేరుగా ఉన్నాయి. తక్కిన ఊళ్లకు ఎక్కడో ఒకచోట మారవలసిందే. శ్రీకాకుళంలో ఇల్లు వదిలినది మొదలు అక్కడ హోటల్ గదిలో నడుం వాల్చేదాకా ఒక రోజు పూర్తిగా పోతుంది, తిరుగు ప్రయాణానికి మరొకటి. మిగిలిన అయిదు రోజుల్లో అయిదు నగరాలంటే నాలుగుసార్లు పెట్టె సర్దాలి. పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు వేగవంతమైన రైలులోనే మూడు గంటలు దాటుతుంది. దానికి ఉదయం గది ఖాళీ చేయడం, స్టేషను చేరడం, అవతలి ఊళ్లో మధ్యాహ్నం దాకా గది ఇవ్వకపోవడం కలిపితే ఒక్కొక్క మార్పుకు సగం రోజు తక్కువ కాదు. ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు మనకన్నా వెనుక ఉండే గడియారానికి శరీరం అలవాటుపడుతున్న రోజులు కూడా ఇవే. పాతికేళ్ల కొడుకు ఈ పరుగును ఆనందించవచ్చు. ఏళ్ల తరబడి తెల్లవారుజామునే లేచి ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషికి, పుట్టినరోజు కానుకగా వరుసగా నాలుగు తెల్లవారుజాములు పెట్టె సర్దే పని అప్పగించడం నాకు న్యాయంగా తోచదు. ఒక్క నగరం, మహా అయితే దాని నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగిరాగల మరొక ఊరు, అంతే ఉండాలి. వియన్నాలో ఉంటే రైలులో సుమారు గంట దూరంలో స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా ఉన్నది, పెట్టె కదపకుండానే మరో దేశం చూసినట్టవుతుంది.

పారిస్‌ను మించినది లేదన్న మాటను కాస్త నిదానంగా పరిశీలించాలి, ఎందుకంటే అసలు ఎంపిక అంతా ఇక్కడే ఉన్నది. పారిస్ గొప్ప నగరం. 2024 డిసెంబరులో నోత్ర్‌దామ్ చర్చి మళ్లీ తెరుచుకున్నాక చూడవలసినది ఇంకొకటి కలిసింది కూడా. కాని అక్కడి మెట్రో స్టేషన్లలో చాలావాటికి లిఫ్టులు లేవు, మోకాళ్ల నొప్పులున్నవారు ఆ మెట్లకన్నా సిటీ బస్సును నమ్ముకోవడం మేలు. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది, ఓర్సే మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది. ఈ సెలవు రోజులు చూసుకోకుండా రెండు రోజుల పారిస్ పెట్టుకున్నవారు గేట్ల ముందు ఫొటోలతో తిరిగివస్తారు. సందేశంలో ఊరించిన ఈఫిల్ టవర్ తళుకులు చీకటి పడ్డాకే, గంటకొకసారి అయిదు నిమిషాలు వెలుగుతాయి. జూన్‌లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి పదికి దగ్గర. ఎనిమిదింటికి భోంచేసి తొమ్మిదింటికి పడుకునే అలవాటున్న మనిషి ఆ తళుకుల కోసం నిద్రతో పోరాడవలసి ఉంటుంది.

వేరే ప్రశ్నతో మొదలుపెడితే జవాబులు వేరుగా వస్తాయి. ఆవిడకు ఇష్టమైనది ఏమిటి? విజయనగరంలో 1919లో మహారాజా సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఆ కళాశాలలో నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకుని, పెళ్లయ్యాక పెట్టెలో పెట్టి అటక ఎక్కించిన ఆడవాళ్లు ఈ ఊళ్లో వీధికొకరున్నారు. అటువంటావిడకు ఈఫిల్ టవర్ కన్నా ఇటలీలోని క్రెమోనాయే మనసుకు దగ్గరి ఊరు. అమాటీ, గ్వార్నేరీ కుటుంబాలవారూ, స్ట్రాడివారి అనే ఆయనా వయొలిన్లు చేసినది అక్కడే. స్ట్రాడివారి 1737లో కన్నుమూసినదీ అక్కడే. నేటికీ అక్కడి వీధుల్లో వయొలిన్లు చేతితో చేసే పనిశాలలు ఉన్నాయి, ఆ నైపుణ్యాన్ని 2012లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. 2013లో తెరిచిన వయొలిన్ మ్యూజియంలో పాత వాయిద్యాలను వాయించి వినిపించే చిన్న కచేరీలు జరుగుతాయి. మిలాన్‌లో బస చేస్తే రైలులో గంటకు కాస్త పైగా దూరం. పాశ్చాత్య సంగీతం మీద మక్కువ ఉంటే వియన్నా ఉన్నది: 1869లో తెరిచిన ఒపేరా, 1870 నాటి మ్యూజిక్‌ఫెరైన్ సభామందిరం, ఎక్కడానికి తేలికైన ట్రాములు, ఒక్క కప్పు కాఫీతో గంటలకొద్దీ కూర్చున్నా ఎవరూ లేవమనని కాఫీ హోటళ్లు.

పొందూరు వాసులకైతే నేను ఫ్రాన్స్‌లోని లియాన్ చెబుతాను. వాలుగ చేప దవడతో పత్తి ఏకి సన్న నూలు వడికే చేతుల మధ్య పెరిగిన మనిషికి, క్రువా-రూస్ గుట్ట మీద పట్టు నేతగాళ్ల పాత పేటలో చేమగ్గం ఆడించి చూపించే ‘కనూల ఇల్లు’ (కనూలంటే ఆ నేతగాళ్లే) అనే చోట గడిపే గంట ఏ మ్యూజియానికీ తీసిపోదు. జాకార్డు మగ్గానికి పేరిచ్చిన జకార్ పుట్టినది ఆ ఊళ్లోనే, 1752లో. పారిస్ నుంచి వేగపు రైలులో సుమారు రెండు గంటలు, కాబట్టి పారిస్ కూడా చూడాలని ఉన్నవారికి అడ్డేమీ లేదు.

మోకాళ్లను ఈ లెక్కలో చేర్చక తప్పదు. లిస్బన్ అందమైన ఊరే గాని అంతా ఎత్తుపల్లాలు. వెనిస్‌లో కారు గాని ఆటో గాని లేదు, 400కు పైగా వంతెనలున్నాయి, దాదాపు ప్రతిదానికీ మెట్లున్నాయి. పెట్టె మోసేది మీరే. ఆమ్‌స్టర్‌డామ్ నేల చదునుగా ఉంటుంది, కాని పాత ఇళ్లలోని హోటళ్ల మెట్లు నిచ్చెన వంటివి, లిఫ్టు ఉన్నదో లేదో అడిగి బుక్ చేసుకోవాలి.

నెల ఏదైనా ఫరవాలేదన్నది సరికాదు. వియన్నా ఒపేరా జూలై, ఆగస్టులలో ప్రదర్శనలు ఆపేస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి కూకెన్‌హాఫ్ తులిప్ తోట మార్చి మధ్య నుంచి మే మధ్య వరకే తెరిచి ఉంటుంది. జూన్ పుట్టినరోజుకు ఆ పూల ఫొటో చూపి ఆశ పెట్టకూడదు. డిసెంబరులో పారిస్‌లో పగలు ఎనిమిది గంటలకు కాస్త పైన మాత్రమే, సాయంత్రం అయిదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, మంచు పడుతుందన్న హామీ ఏమీ లేదు, వాన ముసురు మాత్రం తరచు. డిసెంబరే కావాలంటే క్రిస్మస్ సంతలుండే వియన్నా దానికి తగిన ఊరు. చలి పడనివారికి స్పెయిన్ దక్షిణాన సెవిల్ ఉన్నది. అదే సెవిల్ జూలైలో మన మే నెలను మరిపిస్తుంది. మనకు ఎండ కొత్తా అనవచ్చు; ఐరోపాలో పాత హోటళ్లు చాలావాటికి ఏసీ ఉండదన్నది గుర్తుంచుకోవాలి.

ప్యాకేజీయే చవక అన్నదానికి ఎక్కువ మాటలు అవసరం లేదు. అయిదు నగరాలు తిరిగేవారికి అది చవకే కావచ్చు, గుంపులో బస్సు ఎక్కి దిగడం ఇష్టమైనవారికి హాయి కూడా. ఒక్క నగరంలో అయిదు రోజులు ఉండేవారు గదీ విమానమూ విడిగా బుక్ చేసుకుని ఆ ధరతో పోల్చి చూడాలి. పోల్చేటప్పుడు హోటల్ ఊళ్లో ఉన్నదో ఊరి బయట రింగురోడ్డు దగ్గర ఉన్నదో, నగర పన్ను ఎవరు కడతారో, మ్యూజియం టిక్కెట్లు అందులో ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడగాలి. 2026 జనవరి నుంచి ఐరోపా బయటివారికి లూవ్ర్ టిక్కెట్టే 32 యూరోలు. ప్యాకేజీ మీద ముందే వసూలు చేసే పన్ను, టీసీఎస్, మాత్రం అదనపు ఖర్చు కాదు, రిటర్ను వేసేటప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది. బిల్లు ఎవరి పాన్ నంబరు మీద ఉంటే జమ వారికే వస్తుంది కనుక, రిటర్ను వేసేవారి పేరు మీదే డబ్బు కట్టాలి.