కల్లాస్‌కు లా స్కాలా ఉంది, మన కృష్ణుడికి ఏముంది?

ఒపెరా గాయని మారియా కల్లాస్ పేరెత్తితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆమె పాట కాదు. గ్రీకు ఓడల వ్యాపారి ఒనాసిస్‌తో ప్రేమ, 1968లో ఆయన వెళ్లి జాక్వెలిన్ కెనడీని పెళ్లాడటం, 1977లో ప్యారిస్‌లో యాభై మూడేళ్లకే ఆమె చనిపోవడం. 2024లో ఆంజెలినా జోలీ నటించిన సినిమా కూడా ఆమె ఆఖరి రోజుల చుట్టూనే తిరిగింది. మనకిది కొత్తేమీ కాదు. సావిత్రి గురించి మాట్లాడమంటే మనలో ఎక్కువమంది ఆమె నటనను దాటేసి ఆమె చివరి రోజుల దగ్గరికి వెళ్లిపోతాం. కళాకారిణి కన్నీళ్లు ఎవరికైనా ఇట్టే అర్థమవుతాయి. ఆమె పని అర్థం కావాలంటే కాస్త ఓపిక పట్టాలి.

హైదరాబాద్‌లో నాటకాలు చూస్తూ, పద్యాలు వింటూ పెరిగినవాడిగా నాకు కల్లాస్ జీవితంలో కావలసింది ఆ పనే. ఆ పని ఎక్కడ జరిగింది, ఎవరు నేర్పారు, ఎవరి డబ్బుతో నడిచింది అని చూసుకుంటూ పోతే మన పద్యనాటకం ఈ స్థితికి ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. మనకు గొంతులకు కరువు ఎప్పుడూ లేదు. కల్లాస్‌కు మిలాన్‌లో లా స్కాలా ఉన్నట్టు ఆ గొంతుల్ని పెట్టుకుని పోషించే రంగశాల లేదు. నా వాదనంతా ఇదే.

పద్యనాటకం చూసినవాళ్లకు ఒపెరా వింతగా ఉండనక్కర్లేదు. పాత్రధారులే పాడతారు, పాడుతూనే నటిస్తారు. మనకు పక్కన హార్మోనియం ఉంటే వాళ్లకు వేదిక ముందు గోతిలో అరవై, డెబ్బై మంది వాద్యకారులు ఉంటారు. గాయకులకు మైకు ఉండదు. అంతమంది వాయిస్తుంటే ఒక్క మనిషి గొంతు ఆఖరి వరసదాకా ఎలా వినిపిస్తుంది? దీని మీద శాస్త్రవేత్తలు పరిశోధన చేశారు. వాద్యబృందం ధ్వనిలో బలమంతా 500 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. తర్ఫీదు పొందిన గాయకులు, ముఖ్యంగా మగవాళ్లు, గొంతులో 3000 హెర్ట్జ్ దగ్గర ఒక ప్రత్యేకమైన మోతను పుట్టిస్తారు. వాద్యాలు పలచబడిన ఆ సందులోంచి గొంతు బయటికొస్తుంది. పై స్థాయిలో పాడే ఆడగొంతులు, అంటే సొప్రానోలు, స్వరం పెరిగేకొద్దీ నోరు తెరిచే తీరు మార్చుకుంటూ ధ్వని పెంచుకుంటారు. ఇదంతా అరవడం కాదు, ఏళ్ల తరబడి గురువు దగ్గర కూర్చుని ఒళ్లు మలుచుకోవడం.

మైకులు రాకముందు మన నటులు చేసిందీ ఇలాంటి పనే. ఈలపాట రఘురామయ్య, అద్దంకి శ్రీరామమూర్తి లాంటివాళ్లు హెచ్చు శ్రుతిలో పద్యం ఎత్తుకుంటే పందిరి చివర నేల టికెట్టువాడికి కూడా మాట మాటా వినిపించాలి. ఆ విద్య పుస్తకాలకు ఎక్కలేదు. కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, మిరియాల కషాయం తాగడం లాంటి చిట్కాలు మిగిలాయి. గొంతును ఎలా తయారుచేశారన్నది వాళ్లతోనే పోయింది.

కల్లాస్ 1923లో న్యూయార్క్‌లో గ్రీకు తల్లిదండ్రులకు పుట్టింది. 1937లో తల్లితో ఏథెన్స్ వెళ్లింది. అక్కడి సంగీత కళాశాలలో ఎల్విరా డి హిడాల్గో అనే స్పెయిన్ సొప్రానో ఆమెకు గురువు. తన పాఠం అయ్యాక కల్లాస్ ఇంటికి పోయేది కాదు. పొద్దున వచ్చి సాయంత్రందాకా అక్కడే కూర్చుని మిగతా విద్యార్థుల పాఠాలన్నీ వినేది. ఆమెకు చూపు బాగా తక్కువ. వేదిక మీద కళ్లజోడు పెట్టుకోవడం కుదరదు కాబట్టి కింద వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ చెయ్యి ఊపడం సరిగా కనిపించేది కాదు. అందుకని తన పాత్ర ఒక్కటే కాదు, వాద్యాల వరసంతా బట్టీపట్టి రంగం మీదికి వచ్చేది. మిగతావాళ్లు కంటితో అందుకునే తాళం ఆమె చెవితో అందుకోవాలి. ఆమె ప్రతిభను దేవుడిచ్చిన వరం అని తేల్చేసేవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

1949 జనవరిలో వెనిస్‌లో జరిగింది ఒపెరా చరిత్రలో పెద్ద మలుపు. అప్పుడు ఆమె జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరాలో బ్రున్‌హిల్డ్ అనే బరువైన పాత్ర పాడుతోంది. అదే రంగశాలలో తర్వాత రావలసిన ఇటలీ స్వరకర్త బెల్లిని ఒపెరాలో నాయిక పాడాల్సిన గాయని జబ్బు పడింది. కండక్టర్ తుల్లియో సెరఫిన్ ఆ పాత్ర కల్లాస్‌నే పాడమన్నాడు. గమకాల మీద గమకాలుండే తేలికపాటి గొంతు పాత్ర అది. ఆ రెండూ ఒక్క గొంతు పాడటం అప్పట్లో ఎవరూ ఊహించని మాట. వారం రోజుల్లో నేర్చుకుని పాడింది. ఇక్కడ కల్లాస్‌ను మెచ్చుకుని ఆగిపోతాం. నాకు సెరఫిన్ కూడా అంతే ముఖ్యం. ఆ గొంతు ఏం చేయగలదో ఆమెకన్నా ముందు కనిపెట్టిన పెద్దమనిషి పక్కన ఉన్నాడు. పందెం కాసే ధైర్యం ఉన్న రంగశాల ఉంది.

అసలు రంగశాల మిలాన్‌లోని లా స్కాలా. 1943లో బాంబు దాడిలో అది దెబ్బతింది. యుద్ధంలో ఓడి, తిండికి ఇబ్బంది పడుతున్న దేశంలో ఆ ఊరివాళ్లు దాన్ని మళ్లీ కట్టుకుని 1946 మే నెలలో తెరిచారు. 1951 డిసెంబర్ 7న అక్కడ సీజన్ మొదలైంది కల్లాస్ పాటతోనే. తర్వాత ఏడేళ్లు ఆమె అక్కడ మహారాణి. 1955లో దర్శకుడు విస్కోంటి, కండక్టర్ జూలినీ, కల్లాస్ కలిసి స్వరకర్త వెర్ది ఒపెరా ‘లా త్రావియాటా’ చేశారు. నాయిక చెయ్యి ఎప్పుడు లేవాలో, ఎక్కడ నిట్టూర్పు పడాలో సంగీతంలోంచే వెతికి పట్టుకున్నారు. ఒక్కరోజులో అయ్యే పని కాదది. అన్ని రోజుల రిహార్సల్‌కు జీతాలిచ్చి, హాలు ఖాళీగా ఉంచి, దీపాలు వెలిగించి పెట్టే సంస్థ ఉంటేనే అవుతుంది.

దాని ఫలితం చూడాలంటే 1964లో లండన్‌లో చిత్రీకరించిన ‘టోస్కా’ రెండో అంకం యూట్యూబ్‌లో దొరుకుతుంది. భాష రాకపోయినా పర్వాలేదు. తన ప్రియుడి ప్రాణం కోసం టోస్కా పోలీసు అధికారికి లొంగడానికి ఒప్పుకుంది. అతను బల్ల దగ్గర కూర్చుని విడుదల పత్రం రాస్తున్నాడు. ఆమె భోజనం బల్ల దగ్గరికి వచ్చి ద్రాక్షసారా గ్లాసు అందుకుంటుంది. అక్కడ కత్తి కనిపిస్తుంది. ఆ క్షణంలో ఆమె పాడటం లేదు, వాద్యాలు మాత్రమే మోగుతున్నాయి. అయినా సంగీతం ఆమె చేతిలో, భుజంలో, బిగిసిన ఊపిరిలో నడుస్తూనే ఉంటుంది. పాడేటప్పుడు నటన, పాడనప్పుడు పాట రెండూ ఆగకుండా ఉండటం అంటే ఇదీ.

ఇదే చోట మన నాటకం దారి తప్పింది. పద్యం చివర రాగం అందుకుంటే రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. చప్పట్లు, ‘వన్స్‌మోర్’ కేకలు. అర్జునుడు బాణం పట్టుకుని అలాగే నిలబడి ఉంటాడు. బళ్ళారి రాఘవ ఆ రోజుల్లోనే ఈ ధోరణిని గట్టిగా ఎదిరించాడు, నటనకే పెద్దపీట వేశాడు. జబ్బు ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. అయితే ఆయన తర్వాత వచ్చిన ఆధునిక నాటకం దానికి మందు పాటను తీసేయడమే అనుకుంది. కల్లాస్ వీడియో చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, పాట నటనకు అడ్డం కాదు, రిహార్సల్ లేని పాటే అడ్డం.

రిహార్సల్ ఎందుకు పోయిందంటే కాంట్రాక్టు నాటకాల వల్ల. కాంట్రాక్టరు ఒక ఊరినుంచి కృష్ణుణ్ణి, ఇంకో ఊరినుంచి అర్జునుణ్ణి పిలిపిస్తాడు. జనం కోసం ఒకే రాయబారంలో అంకానికొక కృష్ణుడు, మొత్తం ముగ్గురు. సాయంత్రం రైలు దిగి, రంగు వేసుకుని, తన పద్యాలు తాను పాడి, పొద్దున్నే ఇంకో ఊరు. అందులోనే షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి లాంటి మహానుభావులు మెరిశారంటే అది వాళ్ల గొప్పతనం. కానీ ఆ పద్ధతిలో సెరఫిన్ ఉండడు, విస్కోంటి ఉండడు. ఎవరి గొంతు వాళ్లదే, ఎవరి బతుకు వాళ్లదే.

దీనికి మినహాయింపు మన హైదరాబాద్‌లోనే ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం మొదలుపెట్టిన నాటక సమాజం కొమ్మలు కొమ్మలుగా విస్తరించింది. మిగతాచోట్ల మగవాళ్లే ఆడవేషం కడుతున్న కాలంలో సురభిలో ఆడవాళ్లే ఆడపాత్రలు వేశారు. పిల్లలు నడక వస్తూనే వేదిక ఎక్కారు. 1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ఈ నగరంలో స్థిరపడింది. లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది. ఆ మండలిని నడిపించిన సురభి బాబ్జీకి 2013లో పద్మశ్రీ వచ్చింది, 2022లో ఆయన కన్నుమూశారు. తెరలు, రంగులు, హార్మోనియం, వంట, పిల్లల చదువు అన్నీ ఒక్క గొడుగు కింద నడిచిన సంస్థ ఇది. లా స్కాలాకు మన దగ్గర దీనికన్నా దగ్గరి పోలిక నాకు కనిపించలేదు. తేడా ఏమిటంటే దాన్ని ఊరు పోషించలేదు, కుటుంబమే తన చెమటతో మోసింది. ఈ తరం పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకు వెళ్తే వెళ్లొద్దని చెప్పే హక్కు మనకెక్కడిది?

కల్లాస్ కథలో చేదు భాగమూ చెప్పుకోవాలి, ఎందుకంటే మంచి సంస్థలున్నా గొంతు పోతుంది. 1958 జనవరి 2న రోమ్‌లో దేశాధ్యక్షుడు వచ్చిన ప్రదర్శనలో ఆమె గొంతు సహకరించక మొదటి అంకం తర్వాత ఆపేసింది. ఆమె బదులు పాడటానికి ఎవరూ సిద్ధంగా లేరు. మర్నాడు పత్రికలన్నీ ఆమెనే తిట్టాయి. బదులు మనిషిని పెట్టని రంగశాలను నిలదీయడం మానేసి ఆమె పొగరు గురించి రాశారు. 1965లో లండన్‌లో చివరి ఒపెరా పాడేనాటికి ఆమెకు నలభై రెండేళ్లు కూడా నిండలేదు. కారణం ఏమిటని ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు. 1953-54లో ముప్పై అయిదు కిలోల దాకా బరువు తగ్గడం అని కొందరు, చిన్న వయసులోనే బరువైన పాత్రలు మోయడం అని కొందరు. నేను రెండోదాని వైపు ఎక్కువ మొగ్గుతాను, ఎందుకంటే పాతికేళ్లు రాకముందే ఆమె పాడిన పాత్రల జాబితా చూస్తే గుండె జారిపోతుంది. మన పద్యగాయకుల గొంతులు జీరపోయినప్పుడు ఇలా వాదించుకునేవాళ్లు కూడా ఉండరు. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే సమాజమూ లేదు, రెండు నెలలు పాడొద్దంటే ఆ రెండు నెలలు జీతం ఇచ్చేవాళ్లూ లేరు.

1961 నుంచి మనకు రవీంద్రభారతి ఉంది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. నగరంలో రెండు విశ్వవిద్యాలయాలు రంగస్థల కళలు నేర్పుతున్నాయి. భవనాలకు లోటు లేదు. కానీ ఆ హాళ్లు రోజు లెక్కన అద్దెకు పోతాయి, ఇవాళ సన్మానసభ, రేపు నృత్యప్రదర్శన. ఒక్క హాలుకైనా సొంత బృందం ఉండాలి. ముప్పై మందికి నెల జీతం, నెలలో కొన్ని రోజులు హాలు వాళ్లకే, ఏడాదికి మూడు నాటకాలు, ఒక్కోదానికి ఆరు వారాల రిహార్సల్. ఒక్క ఫ్లైఓవర్ ఖర్చులో ఎన్ని ఏళ్లు నడుస్తుందో లెక్క వేసుకోవచ్చు. ఎవరు చూస్తారు అని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే: సురభి మాయాబజార్ ఆడిన రోజు హాల్లోకి వెళ్లి పిల్లల మొహాలు చూడండి.

దానికంటే ముందు చేయగలిగింది ఒకటుంది. గొంతు పోయాక 1971-72లో కల్లాస్ న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత పాఠశాలలో పాతిక మంది దాకా విద్యార్థులకు పాఠాలు చెప్పింది. అవన్నీ రికార్డయ్యాయి, ఇప్పటికీ నేర్చుకునేవాళ్లు వింటున్నారు. హరిశ్చంద్రుడూ కృష్ణుడూ వేసి వేసి వయసు మళ్లిన పద్యగాయకులు, వాళ్లకు హార్మోనియం వాయించినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. పద్యంలో ఊపిరి ఎక్కడ తీయాలి, ఏ అక్షరం మీద రాగం ఎత్తుకుంటే అర్థం చెడదు, హెచ్చు శ్రుతిలో రాత్రంతా గొంతు ఎలా కాపాడుకోవాలి అన్నది వాళ్లే చెప్పాలి. సాంస్కృతిక శాఖ ఒక గది, ఒక హార్మోనియం, మంచి రికార్డింగ్ పరికరం ఇచ్చి, పదిమంది కుర్రాళ్లకు స్టైపెండ్‌తో వాళ్ల ముందు కూర్చోబెట్టాలి. కొత్త భవనం కట్టక్కర్లేదు, ఈ ఏడాది బడ్జెట్‌లోనే అయిపోతుంది.