లావు స్పోకు గారికి బదిలీ లేఖ

సైకిల్ వెనక చక్రం ఎడమ పక్కన కొలువుదీరిన 2.0 మి.మీ. స్పోకు గారికి,

నమస్కారం. "లావుంటే బలమే కదా" అని మిమ్మల్ని ఏరికోరి వేయించుకునేవాళ్లకు కొదవ లేదు. తల నుంచి మర దాకా ఒకటే మందం, నడుమన్నదే లేదు. చూడ్డానికి భేషుగ్గా ఉంటారు. విరిగేది మాత్రం మీరే, అదీ చక్రం నడిమి హబ్బు దగ్గర మెడ వంపులో.

మీ ఇబ్బంది తెలియక కాదు. గేర్ల పళ్లచక్రాలకు చోటివ్వడం కోసం హబ్బు కుడి అంచు లోపలికి జరిగింది. రిమ్ము నడిమధ్యన నిలవాలంటే కుడి స్పోకులు 120 కిలోల దాకా లాగుతుంటే మీకు అందులో సగమో, ఇంకాస్తో చాలు. మిమ్మల్ని బిగిస్తే రిమ్ము మీ వైపు వస్తుంది. దాన్ని మధ్యకు తేవాలంటే కుడివాళ్లనూ బిగించాలి. వాళ్లేమో అప్పటికే హద్దు మీద ఉన్నారు, ఇంకా లాగితే రిమ్ము రంధ్రాల దగ్గర పగుళ్లే. అంటే మీది సగం జీతం ఉద్యోగం, జీవితాంతం.

అంత తక్కువ టెన్షన్‌కి మీ లావు శరీరం సాగేదే కొంచెం. చక్రం తిరుగుతూ మీరు అడుగుకు వచ్చినప్పుడు, బరువుకి రిమ్ము వెంట్రుకవాసి నొక్కుకుంటే చాలు, ఆ కొంచెమూ పోయి లూజైపోతారు. పైకెళ్లగానే మళ్లీ బిగుస్తారు. ఈ ఊగిసలాటలో నిపిల్, అదే రిమ్ము దగ్గర మిమ్మల్ని బిగించే చిన్న నట్టు, తనంతట తాను వదులవుతుంది, మెడ అలిసి అలిసి ఒకరోజు టప్పుమంటుంది. అప్పుడు సైకిల్ స్వామి ఏమంటాడో తెలుసుగా? "టెన్షన్ ఎక్కువైంది, మిగతావాటిని కాస్త లూజు చెయ్యి!" ఇంకొందరు నిపిల్‌కి గమ్ము పూయిస్తారు. గమ్ము నిపిల్‌ని ఆపుతుంది నిజమే, మీ మెడకు ఒరిగేదేమీ లేదు.

అందుకని మీ స్థానంలో నడుము 1.5 మి.మీ. ఉన్న సన్న స్పోకుని వేస్తున్నాం. అదే లాగుడుకి ఆ నడుము మీకంటే దాదాపు 1.8 రెట్లు సాగుతుంది. రిమ్ము నొక్కుకున్నా ఇంకా కొంత బిగువు మిగులుతుంది. దానికీ ఒక తిక్క ఉందనుకోండి: నిపిల్ తిప్పితే తనూ మెలి తిరుగుతుంది. కావలసినదానికన్నా కాస్త ఎక్కువ తిప్పి, ఆ కాస్తా వెనక్కి తీసుకోవాలి. మరిచారో, మొదటి సవారీలోనే టింగు టింగుమంటూ మెలికలు విప్పుకుంటుంది, బెండు తీసే పని మళ్లీ మొదటికి వస్తుంది. బిగువు కొలిచే టెన్షన్ మీటరులో మీ ఇద్దరికీ ఒకే అంకె వచ్చినా బిగువు ఒకటి కాదు, మీటరు పట్టికలో కొత్త స్పోకు మందానికి వేరే వరస చూడాలి.

ఇక చార్జి అప్పగించండి. ఇత్తడి నిపిల్‌ని మాత్రం వదిలి వెళ్లండి. కొత్త స్పోకు సన్నబడింది నడుములోనే, మర దగ్గర అదీ 2.0 మి.మీ.నే.

ఇట్లు,
మీ బెండు తీసే స్పోకు కీ