ఉండనీవాదం

పోయిన నెల మా ఇంటికి ఇంటీరియర్ డిజైనర్ వచ్చింది. గట్టిగా పాతికేళ్లుండవు. గోడలకేసి చూడకుండా నన్నే ఎగాదిగా చూసి, "సార్, మీ స్టైల్ ఏంటి?" అంది. చొక్కా గురించేమోనని కాలరు సర్దుకున్నాను. కాదట. మినిమలిస్టా, స్కాండినేవియనా, బోహోనా, జపాండీనా, ఏదో ఒకటి ఒప్పుకుంటే తప్ప టేపు బయటికి తీయనంది. గోత్రం అడిగినా ఇంత తడబడేవాణ్ణి కాదు.

రెండు రోజులు గడువడిగి అధ్యయనంలో పడ్డాను. స్వీడన్, నార్వేల్లో చలికాలం ఎండ కాసేదే కొద్ది గంటలు. ఆ కాస్త వెలుతురూ వృథా పోకూడదని గోడలకు తెల్లరంగు వేసి, లేతరంగు చెక్కసామాను వాడి, కిటికీలకు మందపాటి తెరలు కట్టకుండా ఉంచుకుంటారు. అదీ స్కాండినేవియన్ శైలి. మే నెల మధ్యాహ్నం విజయవాడలో మా ఆవిడ కిటికీకి తడి దుప్పటి కడుతుంది. అదీ శైలే, కాకపోతే నామకరణం జరగలేదు. ఇక జపాండీ అంటే జపాన్‌కూ స్కాండినేవియాకూ కలిసిన వియ్యం. కట్నాలూ సారెలూ లేని పెళ్లి కాబోలు, గది ఖాళీగా ఉంటుంది.

1919లో జర్మనీలోని వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ అనే ఆర్కిటెక్టు బౌహౌస్ అనే డిజైన్ బడి పెట్టాడు. ప్రపంచంలో సగం కుర్చీలకు అదే గురుకులమంటారు. 1933లో మూతపడింది. మా అమ్మ 1978లో ఈ ఇంట్లో అడుగుపెట్టి స్థాపించిన బడి మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. దానికి ఒకటే సూత్రం: "ఉండనీరా, ఎప్పటికైనా పనికొస్తుంది." దీనికి ఉండనీవాదం అని పేరు పెడుతున్నాను.

ఈ వాదంలో వస్తువు కన్నా తొడుగు గొప్పది. సోఫాకు తొడుగు, ఆ తొడుగు మాయకుండా మీద తువ్వాలు. ఫ్రిజ్ పిడికి కుచ్చుల గుడ్డ. మిక్సీకి గౌను. రిమోట్‌కు కొన్ననాటి ప్లాస్టిక్ కవరు, అది చిరిగితే రబ్బరు బ్యాండు. మా సోఫా అసలు రంగేమిటో కొన్నరోజు చూసినవాళ్లకే తెలుసు. వాళ్లలో ఇద్దరు కాలం చేశారు.

షోకేసు సంగతి వేరే చెప్పాలి. నాన్నగారి రిటైర్మెంట్ మెమెంటో, ఏటికొప్పాక లక్క భరిణె, లైటు వెలగని తాజ్‌మహల్, గృహప్రవేశాల్లో చేతిలో పెట్టిన నానా వెండిపూత గిన్నెలు, మధ్యలో కొండపల్లి దశావతారాలు. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికే బొమ్మలవి. తేలిగ్గా ఉంటాయి, తేలిగ్గా పడతాయి కూడా. వామనుడి గొడుగు విరిగి ఇరవై ఏళ్లు. ఆ గొడుగు అటక మీద బిస్కెట్ డబ్బాలో భద్రంగా ఉంది. షోకేసు తాళంచెవి కూడా పోయింది కాబట్టి అమరిక మారే ప్రమాదం లేదు. (మ్యూజియంలకు ఇందుకే బోలెడు ఖర్చవుతుంది.)

ఇంత పరిశోధనా విని ఆ అమ్మాయి తలూపి, మర్నాడు లాప్‌టాప్‌లో త్రీడీ బొమ్మ తెచ్చింది. తెల్లటి హాలు. ఒక మూల కుండీలో ఆకుల్లేని ఎండుకొమ్మ. అంతే.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎండిన కొమ్మ ఇంట్లో ఎవరు పెడతారే తల్లీ? సరే, క్యాలెండరేదీ?"

"ఇది ఫీచర్ వాల్ బామ్మగారూ, ఖాళీగానే ఉండాలి."

"పాల లెక్క ఎక్కడ రాసుకోను? గ్యాస్ బండ ఎప్పుడొచ్చిందో, వర్జ్యం ఎప్పుడో నీకు ఫోన్ చేసి అడగనా?"

వాదన కాఫీ వచ్చేదాకా సాగింది. వచ్చినవాళ్ల కోసం దాచిన కప్పుల్లోనే ఇచ్చారు, గమనించాలి. సగం తాగి, ఆ పిల్ల మౌసు అందుకుని తెల్లగోడ మధ్య చిన్న మేకు గీసింది.

అమ్మ తెర దగ్గరికి వంగింది.

"ఇంకాస్త కిందికి దించు. తిథి కనబడొద్దూ!"