డీప్ ఫ్రీజర్‌లో చదివింపులు

మొన్న తణుకులో మా బావమరిది కూతురి పెళ్లి. నన్ను చదివింపుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. దస్తూరీ బాగుంటుందని పైకి అన్నమాట. కవర్ల సంచీ పట్టుకుని పరిగెత్తే వయసు కాదు కదా అన్నది లోపలి మాట.

నేను ఫౌంటెన్ పెన్ మనిషిని. రాజమండ్రి రత్నం పెన్ను, అదే, 1935లో గాంధీగారు బాగుందని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారే, ఆ రత్నం వారి పెన్ను జేబులో లేకుండా గడప దాటను. బాల్ పెన్నుతో రాస్తే దస్తూరీ చెడుతుందని బడిలో మాస్టారు చెవి మెలేసి చెప్పిన మాట చాలాకాలం వేదంలా నమ్మాను. ఈమధ్యే మనసు పక్కచూపులు చూడ్డం మొదలుపెట్టింది. ముందు రోలర్‌బాల్. అందులో ఉండేది మన సిరాలాంటి పల్చటి ఇంకే. పాళీ ఉండాల్సిన చోట అర మిల్లీమీటరు గుండు తిరుగుతుంటుంది, అంతే తేడా. నొక్కే పనిలేదు, దానంతటది జారిపోతుంది. అక్కణ్నుంచి మంచి బాల్ పెన్నుల్లోకి దిగాను. పేపర్లు అచ్చువేసే ఇంకు ఇట్టే ఆరిపోవడం చూసి, హంగరీలో లాస్లో బీరో అనే పత్రికల మనిషి, 1938లో పేటెంటు పుచ్చుకున్న సరుకు అది. తెల్ల ఒళ్లు, నీలం మూత రెనాల్డ్స్‌ని కూడా ఇప్పుడు గౌరవంగా చూస్తున్నాను. కార్బన్ పేపరు పెట్టి రాస్తే అడుగు కాపీదాకా దిగుతుంది. పాళీని అలా నొక్కితే కాళ్లు చాపేసి కూర్చుంటుంది.

ఆ రోజు ఆ రెనాల్డ్సే తీసుకెళ్లి ఉంటే ఈ రాతే ఉండేది కాదు.

బల్ల దగ్గర రత్నం పెన్ను మూత తిప్పుతున్నానో లేదో, మా పెద్ద బావగారు వచ్చారు. పెళ్లికూతురి పెదనాన్న. ఆ ఇంట్లో ఏ శుభకార్యానికైనా ఆయనే కలెక్టరు. "బావగారూ, ఆ కారే పెన్ను వద్దండీ. పన్నీరు చుక్క పడిందంటే లెక్కంతా గోదాట్లో కలుస్తుంది" అన్నారు. పక్కనే ఒక పిల్ల వచ్చిన ప్రతివాళ్ల మీదా పన్నీరు చిలకరిస్తోంది కాబట్టి ఆ మాటకి ఎదురు చెప్పలేకపోయాను. రెండో జేబులోంచి, మా మేనల్లుడు జపాన్ నుంచి తెచ్చిచ్చిన రోలర్‌బాల్ తీశాను. ఏమి పెన్నండీ అది! కాగితం మీద పెడితే చప్పుడే లేదు. పైగా తోకకి ఒక రబ్బరు బుడిపె. తప్పు రాస్తే ఆ బుడిపెతో రుద్దితే చాలు, మచ్చ కూడా లేకుండా పోతుంది. దాని ప్యాకెట్ మీద జపాన్ భాషలో ఏదో బారుగా రాసి ఉంది. కంపెనీవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నారనుకున్నాను.

చదివింపుల బల్ల దగ్గర చెరిపే పెన్ను ఎంత సుఖమో అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. ఒకాయన వచ్చి కవరిస్తే అలవాటుకొద్దీ వాళ్ల నాన్నగారి పేరు రాసేశాను. "నాన్న కిందటేడు పోయారండీ" అన్నాడు పాపం. రుద్ది అబ్బాయి పేరు రాశాను. రైసుమిల్లు ఓనరుగారు ఠీవిగా "వెయ్యి నూట పదహార్లు రాయండి" అన్నారు, రాశాను. వెనకనుంచి వాళ్లావిడ ఆయన మోచెయ్యి గిల్లింది. వాళ్ల పిల్లవాడి ఒడుగుకి వీళ్లు ఎంత చదివించారో చెవిలో గుర్తు చేసినట్టుంది. "ఐదు వందల పదహార్లు చెయ్యండి" అన్నారు, ఈసారి ఠీవి తగ్గించి. రుద్ది 516 వేశాను. ఇద్దరూ తృప్తిగా భోజనాలకి వెళ్లారు.

ఆ తర్వాత నేను సంచీ తాళానికని ఓ నిమిషం లేచాను. అదిగో, ఆ నిమిషంలోనే.

బల్ల వేసింది భోజనాల హాలు గుమ్మం పక్కన. వడ్డించే కుర్రాడొకడు పొయ్యి మీంచి అప్పుడే దించిన సాంబారు బకెట్టుతో వస్తుంటే ఫోన్ మోగింది. చెయ్యి ఖాళీ చేసుకోవాలిగా. నా చదివింపుల పుస్తకం తెరిచి ఉంది, రాసేసిన పేజీలన్నీ ఎడమపక్క ఒత్తుగా పేరుకుని ఉన్నాయి. మెత్తగా ఉంటుందనుకున్నాడో ఏమో, బకెట్టుని సరిగ్గా వాటి మీద పెట్టి, ఎవరితోనో "ఎప్పుడొచ్చావ్ రా? ఎక్కడున్నావ్ రా?" అంటూ తీరిగ్గా మాట్లాడాడు. నేను వచ్చేసరికి మాటలు పూర్తిచేసి, బకెట్టు తీసుకుని వెళ్లిపోతున్నాడు. సాంబారు చుక్కైనా పడలేదని సంతోషించి కూర్చున్నాను. అప్పుడు చూశాను పేజీ వంక.

మధ్యలో ఏమీ లేదు. మరక లేదు, తడి లేదు. కొత్త పుస్తకం కొన్నప్పుడు ఎలా ఉంటుందో అలా గుండ్రంగా తెల్లగా ఉంది. వెనక్కి తిప్పాను. అక్కడా అంతే. ఇంకా వెనక్కి, మొదటి పేజీ దాకా తిప్పాను. పైన నేను ముచ్చటపడి రాసిన "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు"లో అంచునున్న శ్రీరస్తు ఒక్కటే మిగిలింది. శుభమస్తు, అవిఘ్నమస్తు గల్లంతు. ఇక కింద ప్రతి వరుసలోనూ ఎడమ అంచున ఇంటిపేరు, కుడి అంచున చివరి రెండంకెలు మిగిలాయి. మిగిలి ఏం లాభం? పెళ్లికొచ్చినవాళ్లలో మూడొంతుల మంది ఇంటిపేరు కొత్తపల్లే. ఇక చివరి రెండంకెలంటారా, నూట పదహార్లు చదివించినవాడికీ 16, ఐదు వేల నూట పదహార్లు చదివించినవాడికీ 16. వరసగా కొత్తపల్లి, ఖాళీ, 16. కొత్తపల్లి, ఖాళీ, 16.

చదివింపుల పుస్తకం పోవడమంటే ఏమిటో పెళ్లి చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. రేపు వాళ్లింట్లో గృహప్రవేశమైనా, బారసాలైనా ఆ పుస్తకం తీసి చూసే కదా తిరిగి చదివించేది. ఒక్క వంద తగ్గినా తరాలపాటు చెప్పుకుంటారు. నాకు చెమటలు పట్టాయి. పెద్ద బావగారు వచ్చి పేజీ చూసి, నన్ను చూసి, నా జేబులోని రత్నం పెన్నుని చూసి "నేను ముందే చెప్పాను కదండీ" అన్నారు. దాంతో ఒక్క అక్షరం కూడా రాయలేదు మొర్రో అంటే వినే మనిషి కాదు.

ఈలోగా ఆయన మనవరాలు, ఎనిమిదో తరగతి పిల్ల, నా చేతిలో పెన్ను లాక్కుని చూసింది. "ఈ పెన్నుతో రాశావా తాతయ్యా? మా క్లాసులో అందరి దగ్గరా ఉందిది. రబ్బరు చెరపదు. రుద్దితే వేడి పుడుతుంది, అరవై డిగ్రీలు దాటితే ఇంకు రంగు పోతుంది. సంతకాలకీ, పరీక్షలకీ వాడొద్దని ప్యాకెట్ మీదే ఉంటుంది, చదవలేదా?" అంది. నాకు వరసకి తాతయ్యనే గానీ, వయసు యాభై మూడు. ఆ బంధువర్గంలో పెన్నుల గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా నన్నే అడుగుతారు. అలాంటి నేను, ఐస్‌క్రీమ్ చప్పరిస్తున్న పిల్ల ముందు చేతులు కట్టుకుని "మరెలాగమ్మా?" అని అడిగాను. "ఫ్రీజర్‌లో పెట్టు. మైనస్ పదికో ఇరవైకో వచ్చేస్తుంది" అంది కప్పు నాకుతూ.

అలా కొత్తపల్లి వారి చదివింపుల పుస్తకం, నాలుగు మూలలా పసుపు రాసినది, ఊరేగింపుగా ఐస్‌క్రీమ్ కౌంటరుకి బయల్దేరింది. ముందు పెద్ద బావగారు, వెనక నేను, నా వెనక పన్నీరు బుడ్డితో సహా ఆ పిల్ల, ఆ వెనక "శుభమస్తు పోయిందట, ఏం అరిష్టమో" అని గొణుగుతూ ఒక మామ్మగారు. కౌంటరు కుర్రాడు "సార్, మూత తీసుంచితే కూలింగ్ పోద్ది సార్" అని మొత్తుకుంటున్నా వినకుండా వెనీలా కప్పుల మీద పుస్తకం విప్పి పెట్టించారు. మూత అద్దానికి మంచు పట్టింది. పెద్ద బావగారు పట్టు కండువాతో దాన్ని తుడవడం, లోపలికి తొంగిచూడ్డం, మళ్లీ తుడవడం. కొంతసేపటికి ఖాళీ అంచుల్లోంచి లేత నీలంగా గీతలు లేచాయి. అవి కొమ్ములయ్యాయి, దీర్ఘాలయ్యాయి. "వస్తున్నాయి! వస్తున్నాయి!" అని మామ్మగారు అరిచారు. ఐస్‌క్రీమ్ కోసం నిలబడ్డవాళ్లంతా క్యూ వదిలేసి ఫ్రీజర్ చుట్టూ మూగారు. ఎవరి పేరు పైకి తేలితే వాళ్లు "అదిగో మాది" అని మురిసిపోవడం ఒకటి.

అన్నీ వచ్చాయి. నేను చెరిపినవి కూడా వచ్చాయి.

ముందు ఆ కిందటేడు పోయిన పెద్దాయన, కొడుకు పేరు కిందనుంచి స్పష్టంగా లేచారు. ఈ రోజుల్లో పోయినవాళ్లని ఫ్రీజర్‌లో పెట్టడం చూస్తున్నాంగానీ, పెట్టాక లేచిరావడం అదే మొదలు. మామ్మగారు కళ్లు మూసుకుని దండం పెట్టారు. తర్వాత రైసుమిల్లు వారి వరుస. చెరిపిన 1116 మీద 516 కూర్చుంది కదా, చివరి పదహారు పదహారులో కలిసిపోయింది, నూరు స్థానంలో ఒకటిని ఐదు మింగేసింది, ముందున్న ఒకటి మాత్రం చెక్కుచెదరకుండా నిలబడింది. పెద్ద బావగారు కళ్లజోడు సర్దుకుని మైకు అక్కర్లేని గొంతుతో "రైసుమిల్లు వారు, పదిహేను వందల పదహార్లు!" అని చదివారు.

ఓనరుగారు అక్కడే ఉన్నారు, చేతిలో బటర్‌స్కాచ్‌తో. ఓ క్షణం ఆలోచించారు. చుట్టూ జనాన్ని చూశారు. "ఏదోలెండి, మన అమ్మాయే కదా" అన్నారు. వాళ్లావిడకి గిల్లడానికి మోచెయ్యి అందలేదు.

సంచీ లెక్కపెడితే సరిగ్గా వెయ్యి రూపాయలు తక్కువ. ఎందుకు తక్కువో విడమరిచి చెబుదామని నోరు తెరిచాను. పెద్ద బావగారు ఏమీ అనలేదు, అదే ప్రాణం తీసింది. నాకేసి చూసి "పోన్లెండి బావగారూ, బయటివాళ్లా ఏమిటి" అన్నారు. జేబులోంచి వెయ్యి తీసి సంచీలో వేశాను. కరిగిపోయిన కప్పుల లెక్క కౌంటరు కుర్రాడు ఇంకా ఎవరికో చెబుతూనే ఉన్నాడు.

బకెట్టు పెట్టినవాణ్ని మాత్రం ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. ఆఖరి బంతిలో నా విస్తరి దగ్గరికి వాడే వచ్చాడు, గరిటె నిండా తీసి, "కాలుతోంది సార్, చూసుకోండి" అన్నాడు.