మోతాదు గురించి వాదించే ముందు అడగవలసిన ప్రశ్న

ఫైబ్రోమయాల్జియాతో ఏళ్ళ తరబడి ఒళ్ళునొప్పులు పడుతున్న నాలాంటి విశాఖ రోగులు ఇద్దరు కలిస్తే చాలు, ఆ నొప్పికి కొందరు వాడుతున్న తక్కువ మోతాదు నాల్ట్రెక్సోన్ అనే మందు ఒకటిన్నర మిల్లీగ్రాములు సరిపోతుందా, నాలుగున్నర దాకా పోవాలా అన్న వాదన మొదలవుతుంది. ఆ వాదనను నేను తప్పుపట్టను. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి కనుక జబ్బే లేదని ఇంట్లోనూ ఓపీలోనూ అనిపించుకున్నవారు, తమ నొప్పిని నమ్మే మనుషుల దగ్గర కాక మరెక్కడ మాట్లాడతారు? అయితే అన్నిటికంటే ముందు రావలసిన ప్రశ్న మాత్రం ఆ మాటల్లో చివరికెప్పుడో వస్తోంది, ఒక్కోసారి రానే రావడం లేదు. మీరు ఇప్పుడు ట్రమడాల్ అనే నొప్పిమందు వాడుతున్నారా?

నాల్ట్రెక్సోన్ అమెరికాలో 1984లో మాదకద్రవ్యాల వ్యసనానికి, 1994లో మద్యపాన వ్యసనానికి అనుమతి పొందిన మందు. ఆ వ్యసనాలకు దాని మామూలు మోతాదు రోజుకు 50 మిల్లీగ్రాములు, మనం నొప్పికి వాడేది అందులో పదో వంతు కూడా ఉండదు. నల్లమందు కోవకు చెందిన మందులు మెదడులో ఎక్కడ పట్టుకుని పనిచేస్తాయో ఆ చోటును ఇది ఆక్రమించి వాటిని పనిచేయనివ్వదు. ట్రమడాల్ ఆ కోవలోదే, 2018లో మన ప్రభుత్వం దానిని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది కూడా. నడుమునొప్పికి రాసే మాత్రల్లో అది పారాసెటమాల్‌తో కలిసి వస్తుంది కాబట్టి, చాలామందికి తాము దానిని మింగుతున్న సంగతే తెలియదు. అలా రోజూ వాడుతున్న మనిషి పక్కవారి మాట విని నాల్ట్రెక్సోన్ వేసుకుంటే, వాంతులు, చెమటలు, వణుకు, విరేచనాలు ఒక్కసారిగా మీదపడవచ్చు. కోడీన్ ఉన్న దగ్గుమందుతోనూ ఈ ప్రమాదం ఉంది.

ఇక పనిచేస్తుందా అన్న విషయం. 2013లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 31 మంది స్త్రీలకు నాలుగున్నర మిల్లీగ్రాములు ఇచ్చి చూసినప్పుడు, మందు లేని ఉత్తి మాత్ర కంటే దీనితో నొప్పి ఎక్కువ తగ్గింది. తరువాత డెన్మార్క్‌లో 99 మంది స్త్రీలకు పన్నెండు వారాలపాటు ఆరు మిల్లీగ్రాములు ఇచ్చిన పరీక్షలో, నొప్పి విషయంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మనలో ఆశపడినవారు మొదటిదాన్ని, విసిగినవారు రెండోదాన్ని పట్టుకుని ఒకరినొకరు తప్పంటున్నారు. డాక్టరు పర్యవేక్షణలో వాడుతున్న నాకు ఉదయపు బిగుతు కొంత సడలింది, కలలు మాత్రం కళ్ళకు కట్టినట్టు వచ్చి నిద్ర చెడుతోంది. ఇది నా ఒంటి సంగతి, దీన్ని చూపి ఇంకొకరి మోతాదు పెంచమనే హక్కు నాకు లేదు.

పైగా మనం వాదిస్తున్న అంకెలే నమ్మదగినవి కావు. పరవాడ ఫార్మాసిటీలో అన్ని మందుల కంపెనీలున్న ఈ ఊళ్ళో, జగదాంబ దగ్గర మందుల షాపులో అడిగితే చేతిలో పెట్టేది 50 మిల్లీగ్రాముల మాత్రే. దానిని నీళ్ళలో కలిపి ఒకరు సిరంజితో తీసుకుంటారు, ఒకరు చెంచాతో, ఇంకొకరు బ్లేడుతో ముక్కలు కోస్తారు. సీసా కదిపారో లేదో, ఎన్నాళ్ళు నిలవ ఉంచారో ఎవరూ చెప్పరు. ఇద్దరూ మూడు మిల్లీగ్రాములే అంటున్నా ఇద్దరి ఒంట్లోకీ పోయేది ఒకే మోతాదు కానక్కరలేదు.

అందుకే డాక్టర్లను గట్టిగా అడుగుతున్నాను. అనుమతి పొందిన జబ్బుకు కాక వేరే జబ్బుకు ఒక మందు రాయడం నేరం కాదు, అది మీ వైద్య విచక్షణకు సంబంధించినది. రాయదలచుకుంటే మోతాదు, కొలిచే పద్ధతి, ఎప్పుడు ఆపాలన్నది చీటీ మీద స్పష్టంగా రాయండి, కాలేయ పరీక్ష అవసరమో కాదో చెప్పండి. వద్దనుకుంటే కారణం చెప్పండి. నవ్వి పంపేస్తే ఆ రోగి మానేయరు, ఇంట్లో సొంతంగా కొలుచుకుంటారు.

తోటి రోగులు ఎవరైనా మోతాదు అడిగితే, ముందు వారు వాడుతున్న మాత్రల అట్టలన్నీ తెచ్చి డాక్టరుకు చూపించమనండి. ఆపరేషన్ ఉన్నవారు, అది చిన్నదైనా సరే, ఈ మందు సంగతి మత్తు డాక్టరుకు చాలా ముందుగానే చెప్పాలి, ఎందుకంటే ఆ తరువాత ఇచ్చే మార్ఫిన్ వంటి నొప్పిమందు దీనివల్ల సరిగా పనిచేయకపోవచ్చు.