టీచర్‌కి స్టార్లు ఇచ్చి జీతం తేల్చేద్దామా?

"హోటల్‌కి రేటింగ్ ఇస్తున్నాం, టీచర్‌కి ఎందుకు ఇవ్వకూడదు? పిల్లలు, తల్లిదండ్రులు వేసే మార్కుల్ని బట్టే ఇంక్రిమెంట్లు ఇవ్వాలి, తీసేయాల్సిన వాళ్లని తీసేయాలి. బాగా చెప్పేవాళ్లకి భయమెందుకు?" ఈ మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నేను లెక్కల టీచర్‌ని. పిల్లల్ని అడగొద్దని నేనెప్పుడూ అనను. కానీ ఈ మెసేజ్‌లో వాదనలన్నీ కలగాపులగం అయిపోయాయి. ఒక్కొక్కటే విడదీసి చూద్దాం.

"రోజంతా క్లాసులో కూర్చునేది పిల్లలు. వాళ్లకే తెలుస్తుంది."

ఇందులో నిజముంది. అమెరికాలో మంచి బోధనని ఎలా కొలవాలో తేల్చడానికి గేట్స్ ఫౌండేషన్ 2009లో మొదలుపెట్టిన ఎంఈటీ అనే అధ్యయనంలో దాదాపు 3,000 మంది టీచర్లు పాల్గొన్నారు. పిల్లలు మెచ్చిన తరగతుల్లో చదువు కూడా మెరుగ్గా సాగుతోందని అందులో తేలింది. అయితే వాళ్లు ఏం అడిగారో చూడండి. "టీచర్ నచ్చారా?" అని కాదు. క్లాసులో టైమ్ వృథా కాకుండా పని జరుగుతోందా, తప్పులు దిద్దుకోవడం నేర్చుకుంటున్నారా, కష్టమైనవి విడమరిచి చెబుతున్నారా అని అడిగారు. అన్నీ పిల్లలు కళ్లారా చూసేవే. తరగతి మొత్తం ఇచ్చిన జవాబుల్ని కలిపి చూశారు. ఎవరో ఒక్కరి కోపం మీదో, ఇష్టం మీదో లెక్క తేల్చలేదు.

ఒకసారి నా క్లాసులో పేర్లు రాయకుండా చీటీలు రాయమన్నాను. ఒక చీటీలో ఇలా ఉంది: "మేడమ్, మీరు బోర్డు వైపు తిరిగి రాస్తూనే చెబుతారు. వెనక బెంచీకి వినపడదు." నా క్లాసుకి పరిశీలనకొచ్చిన వాళ్లెవరూ ఈ మాట చెప్పలేదు. మర్నాటి నుంచి ముందు రాసి, తర్వాత పిల్లల వైపు తిరిగి చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఆ చీటీ రాసినవాళ్లెవరో నాకు ఐదుకి మూడు స్టార్లు ఇచ్చి ఊరుకుని ఉంటే నాకేం తెలిసేది?

"రేటింగ్ ఎక్కువ వచ్చిందంటే బాగా చెప్పినట్టే."

ఈ మాట నిలబడదు. అమెరికా వైమానిక దళ అకాడమీలో విద్యార్థుల్ని సెక్షన్లకి లాటరీ వేసినట్టు పంచుతారు, పరీక్ష అందరికీ ఒక్కటే. అక్కడి వివరాలతో కారెల్, వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. అప్పటి పరీక్షలో మార్కులు బాగా తెప్పించిన అధ్యాపకులకే విద్యార్థులు మంచి రేటింగ్ ఇచ్చారు. కానీ తర్వాతి కోర్సుకొచ్చేసరికి వాళ్ల విద్యార్థులే వెనకబడ్డారు. లోతుగా చెప్పినవాళ్లకి రేటింగ్ తగ్గింది, ఫలితం మాత్రం ఆ తర్వాత కనబడింది. హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల మీద 2019లో వచ్చిన అధ్యయనం ఇంకా సూటిగా చెప్పింది. తామే తంటాలు పడి లెక్క చేసిన విద్యార్థులు లెక్చర్ విన్నవాళ్ల కంటే ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లే ఇలా పొరబడితే, పదేళ్ల పిల్లవాడి స్టార్లతో జీతం ఎలా తేలుస్తాం?

"ఫీజు కట్టేది మేము. మేమే కస్టమర్లం."

తల్లిదండ్రులకి కనబడేది దిద్దిన నోటుబుక్, వచ్చిన మార్కులు, సాయంత్రం ఇంటికొచ్చిన బిడ్డ ముఖం. క్లాసు కనబడదు. జేకబ్, లెఫ్గ్రెన్ అనే పరిశోధకులు 2007లో ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టారు. కాస్త కలిగినవాళ్ల బడుల్లో తల్లిదండ్రులు పిల్లల్ని సంతోషంగా ఉంచే టీచర్లని ఎక్కువగా కోరుకున్నారు. పేదల బడుల్లో చదువు పైకి తెచ్చే టీచర్లకి ఎక్కువ విలువిచ్చారు. ఎవరి కోరికా తప్పు కాదు. కానీ ఒకే ఫారం మీద ఒకరు ఒకదాన్ని, ఇంకొకరు మరొకదాన్ని కొలుస్తుంటే, ఆ అంకెలు పక్కపక్కన పెట్టి టీచర్లకి ర్యాంకులివ్వడం అన్యాయం. పైగా ఫారం నింపి పంపేది ఎక్కువగా బాగా మెచ్చినవాళ్లో, బాగా మండిపోయినవాళ్లో.

"మంచి టీచర్‌కి భయం దేనికి?"

2015లో ఒక ఆన్‌లైన్ కోర్సులో ఇద్దరు అధ్యాపకులు, ఒకరు మగ, ఒకరు ఆడ, ఒక్కో గ్రూపుకి తమ పేరుతోనూ, ఒక్కో గ్రూపుకి అవతలివారి పేరుతోనూ చెప్పిన ప్రయోగం ఫలితాలు వచ్చాయి. చెప్పింది ఎవరైనా సరే, మగవాడి పేరుకే ఎక్కువ మార్కులు పడ్డాయి. చిన్న ప్రయోగమే, కానీ నన్ను చాలా బాధపెట్టింది. కెనడాలో అప్పటి రయర్సన్ యూనివర్సిటీకి, అక్కడి అధ్యాపకుల సంఘానికి మధ్య వచ్చిన వివాదంలో 2018లో మధ్యవర్తి, ప్రమోషన్లకి బోధన సామర్థ్యాన్ని విద్యార్థి సర్వేలతో కొలవకూడదని తీర్పిచ్చారు.

ఇక భయం సంగతి. ఉద్యోగం ఆ అంకె మీదే ఆధారపడితే పేపర్ తేలిగ్గా ఇవ్వాలనిపిస్తుంది. కాపీ కొట్టినవాణ్ణి చూసీ చూడనట్టు వదిలేయాలనిపిస్తుంది. ఆ టీచర్ చెడ్డవాడు కానక్కర్లేదు. ఇంటి అద్దె కట్టాల్సినవాడైతే చాలు.

అడగండి, తప్పకుండా అడగండి. సంవత్సరం చివర్లో కాదు, దిద్దుకోవడానికి ఇంకా టైమ్ ఉన్నప్పుడు. పేర్లు లేకుండా, స్టార్లు లేకుండా: "నోట్స్ దిద్ది ఎన్నాళ్లకి ఇస్తున్నారు? డౌట్ అడిగితే ఏమంటున్నారు? వెనక బెంచీకి వినపడుతోందా?" ఆ కాగితాలు ముందు టీచర్ చేతికే ఇవ్వండి. నెలా రెండు నెలల తర్వాత సీనియర్ టీచర్ ఒకరిని వెనక బెంచీలో ఒక పీరియడ్ కూర్చుని చూడమనండి.