సవరణ: బ్రౌన్‌స్టోన్ ఇంటి కార్నిస్ పోత ఇనుము కాదు

న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఉండే బ్రౌన్‌స్టోన్ ఇళ్ల (ముందువైపు గోధుమ రంగు ఇసుకరాయి తాపడం చేసిన పాత ఇళ్లు) మీద ముందు రాసిన పోస్టులో రెండు మాటలున్నాయి: పైకప్పు అంచున ఉండే కార్నిస్ పోత ఇనుముదని, పాత పెయింటంతా గీకేసి కొత్త రంగు వేయాలని. ఈ రెండూ తప్పు, సరిదిద్దుకుని చదవండి.

కింద నుంచి చూస్తే చెక్కిన రాయంత బరువుగా కనిపిస్తుంది గానీ, 1870ల తర్వాతి కార్నిస్‌లు చాలావరకు జింకు పూత ఉన్న పల్చటి ఇనుప రేకును అచ్చుల్లో నొక్కి, టంకం పెట్టి అతికి, లోపలి చెక్క చట్రానికి బిగించినవే. అంతకుముందువి ఎక్కువగా చెక్కవి. మీది రేకుదా చెక్కదా అని అనుమానముంటే అయస్కాంతం పెట్టి చూడండి, అదీ నాలుగైదు చోట్ల, ఎందుకంటే చెక్కలో మేకు తగిలినా అంటుకుంటుంది.

గీకడం సంగతి ఇంకా ముఖ్యం. ఇళ్లలో సీసం పెయింట్‌ను న్యూయార్క్ నగరం 1960లో, అమెరికా మొత్తం 1978లో నిషేధించాయి. అంతకంటే పాత పొరల్లో సీసం ఉందనే అనుకోవాలి, కాబట్టి పొడిగా గీకడం, గ్రైండర్ పెట్టడం దయచేసి వద్దు, ఆ దుమ్మంతా పిల్లలు కూర్చునే మెట్ల మీదే పడుతుంది. ఇసుక కొట్టించినా పల్చటి రేకు పాడవుతుంది. సీసం పనిలో సర్టిఫికెట్ ఉన్నవాళ్ల చేత తడిపి, లేచిన పెయింటు మాత్రమే తీయించి, తుప్పు పోగొట్టి, ప్రైమర్ వేయించండి. చిల్లులకు అదే రకం రేకు వాడాలి. రాగి మాత్రం వద్దు, తడి తగిలిందంటే రాగి పక్కనున్న జింకు పూత తొందరగా పోతుంది.

నగరం చారిత్రకమని ప్రకటించిన ప్రాంతంలోని ఇల్లైతే, కార్నిస్ మార్చే ముందు ల్యాండ్‌మార్క్స్ ప్రిజర్వేషన్ కమిషన్ (పాత కట్టడాల రక్షణ చూసే నగర సంస్థ) అనుమతి తీసుకోవాలి.